జీడినూనె పూసిన తొట్టి జీపు

మా నాన్న తొట్టి జీపు బానెట్ ఎత్తగానే నాకు ముందు కనిపించింది ఇంజను కాదు, ఎలుక కాపురం. కొబ్బరి పీచు, ఎండిన జీడాకులు, మా అమ్మ ఎక్కడ పోయిందా అని ఏడాదిగా వెతుకుతున్న జాకెట్టు గుడ్డ, అన్నీ పోగేసి బ్యాటరీ పక్కన మెత్తటి పరుపు వేసుకుని ఓ తల్లి ఎలుక దర్జాగా పిల్లల్ని పెంచుకుంటోంది. నన్ను చూసి అది కదలను కూడా లేదు. నేనే కెవ్వుమని వెనక్కి దూకి, కాలి కింద స్పానరు పడి కూలబడ్డాను. అరుగు మీద కూర్చున్న నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. బండి సంగతి తరువాత, ముందు అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించుకోమన్నాడు.

రెండువేల మూడో, నాలుగో సంవత్సరం అయి ఉంటుంది. మాది ఉద్దానంలో పూండి దాటాక సముద్రం వైపు ఉన్న చిన్న ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి, జీడి, పనస. తొట్టి జీపు అంటే ముందు జీపు మూతి, వెనక సామాను వేసుకునే ఇనుప తొట్టి. నేను పుట్టకముందే తయారైన బండి. మా నాన్న చేతికి వచ్చేసరికే దాని జీవితం సగం అయిపోయింది. మిగిలిన సగంలో నాన్న దాని మీద కొబ్బరికాయలూ పనసకాయలూ జీడిపిక్కల బస్తాలూ పలాసకి తోలాడు. ఆదివారాలు తొట్టి కడిగి, చాప పరిచి, ఊళ్ళో వాళ్ళని గుడికి, అంటే మా చర్చికి, తీసుకెళ్ళాడు.

తరువాత ఆయన ఎడమ మోకాలు మొరాయించింది. నడవనిస్తుంది గానీ క్లచ్ తొక్కనివ్వదు. బండి వెళ్ళి పెరట్లో జీడిచెట్టు కింద నిలబడింది. ఏడాది పైగా అక్కడే నిలబడింది. చివరికి ఒకరోజు నాన్న అన్నం తింటూ, పలాసలో పాత ఇనుము కొనే అతనికి కబురు పెట్టానని, వచ్చి పట్టుకుపోతాడని చెప్పాడు. చెప్పి, పులుసు వెయ్యమని కంచం ముందుకు తోశాడు.

ఆ బండి నాకు కావాలి. కారణం అడిగితే గొప్పది ఏమీ లేదు. అందులో కూర్చుంటే ఎత్తుగా ఉంటుంది, స్టీరింగు పట్టుకుంటే లోకం కాస్త పక్కకి తప్పుకుంటుంది, గతుకుల్లో పోతుంటే పళ్ళు టకటకలాడతాయి, నాకు అది ఇష్టం. నాన్నే నాకు తోటల మధ్య ఇసుక బాటలో దాన్ని నేర్పాడు. లైసెన్సు కూడా తీసుకున్నాను. అప్పటికి నేను పూండిలో ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతున్నాను. సెలవు రోజుల్లో తోటల సరుకు పలాసకి నేను తోలతాను, బండి అమ్మెయ్యొద్దు అని అన్నాను. లైసెన్సు అద్దం కట్టించి గోడకి పెట్టుకోవడానికే గానీ తోలడానికి కాదన్నట్టు చూశాడు నాన్న. బండిలో తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి, ఒక్క లైటు లేదు, హారను లేదు, సెల్ఫు లేదు, ఏం తోలతావు అన్నాడు. ఇంజను బాగానే ఉంది కదా, తీగలు నేను వేస్తాను అన్నాను. అప్పటిదాకా నేను ఇంట్లో కాలిపోయిన ఫ్యూజు కూడా మార్చి ఎరగను.

అదృష్టం ఏమిటంటే మా కోత పండుగ దగ్గరలో ఉంది. ఏటా పంట ఇంటికొచ్చాక చుట్టుపక్కల ఊళ్ళ క్రైస్తవ సంఘాలన్నీ టెక్కలిలో పెద్ద గుడి దగ్గర చేరతాయి. ఎవరి పొలంలో, పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి దేవుడికి కానుక పెడతారు. ధాన్యం, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కంద, కోళ్ళు, ఒక్కోసారి మేక. తరువాత వాటిని వేలంపాట పెడతారు. మా ఊరి కానుకలు ఎప్పుడూ మా తొట్టి జీపులోనే వెళ్ళేవి. అమ్మ ఆ మాట గుర్తు చేసి నా పక్షాన నిలబడింది. నాన్న కంచం పక్కకి జరిపి షరతు పెట్టాడు.

“పండక్కి లైట్లు, హారను, సైడు లైట్లు, సెల్ఫు, అన్నీ పని సెయ్యాల. ఒక్కటి తక్కువైనా హైవే ఎక్కనివ్వను. పని సేసినాయా, ఆ రోజు బండి నువ్వే తోలు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత సూద్దాం. నేదా, సోమవారం పలాస ఎల్లిపోద్ది.”

ఆ తర్వాత సంగతి అనే మాటలో సోమవారం నాటి ఇనుము కొట్టు ఇంకా ఉందని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఆ క్షణానికి ఆలూ లేదు చూలూ లేదు, నేను మాత్రం పలాస బజార్లో బండి ఎక్కడ ఆపాలో ఆలోచించుకుంటున్నాను.

తల్లి ఎలుకని పిల్లలతో సహా చేటలో ఎత్తి తోట అవతల దింపాను. తరువాత పాత తీగలు పీకడం మొదలుపెట్టాను. అప్పుడు నాకు ఒక విచిత్రం కనిపించింది. ప్రతి బల్బు దగ్గరకీ ఒక్క తీగే వచ్చి ఉంది. హెడ్‌లైట్‌లో పెద్ద వెలుగుకి ఒకటి, చిన్న వెలుగుకి ఒకటి. హారనుకి ఒకటి. రెండోది ఏదీ? నేను పిల్లలకి టార్చి సెల్లు, బల్బు పెట్టి పాఠం చెప్పేదాన్ని. కరెంటు ఒక తీగలో వెళ్ళాలి, ఇంకో తీగలో తిరిగి రావాలి, అప్పుడే బల్బు వెలుగుతుంది. పరీక్షల్లో ఆ ప్రశ్నకి మార్కులు కూడా వేసేదాన్ని. అంచేత నాకు తోచిన సమాధానం ఒక్కటే, రెండో తీగల్ని ఎలుకలు ఆనవాలు లేకుండా తినేశాయి. ఒకటి వదిలి ఒకటి తినడంలో వాటి క్రమశిక్షణకి నాకు ముచ్చటేసింది. స్కూల్లో తోటి టీచర్లకి కూడా చెప్పాను, ఎలుకలు ఎంత తెలివైనవో.

కాశీబుగ్గ వెళ్ళి ఎలక్ట్రికల్ షాపులో తీగ చుట్ట కొన్నాను. వాళ్ళ దగ్గర ఆ లావులో పసుపు రంగు ఒక్కటే ఉంది. అన్ని తీగలూ పసుపే అయితే ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుందని నేను తల పట్టుకుంటే, అమ్మ పాత చీరలు తెచ్చి పీలికలుగా చింపింది. హెడ్‌లైట్‌కి తన పెళ్ళినాటి తెల్ల చీర అంచు, హారనుకి నా చిన్నప్పటి గళ్ళ గౌను, బ్రేకు లైటుకి ఎర్ర నేత చీర, ఇండికేటర్లకి మా మేనత్త పెట్టిన ఆరంజి రంగు చీర. మేనత్త చీర చింపేటప్పుడు అమ్మకి కలిగిన ఆనందం వేరు. ఆ రంగు ఆవిడ కావాలనే ఎంచి పెట్టిందని అమ్మ గట్టి నమ్మకం. మొత్తానికి డ్యాష్‌బోర్డు కింద పీలికలు వేలాడుతూ బండి చీరల కొట్టులా తయారైంది.

రెండేసి తీగలు, ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి, బ్యాటరీ దాకా లాగి ముందు ఎడమ హెడ్‌లైట్‌కి కలిపాను. మీట నొక్కాను. వెలిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలిగింది. కళ్ళు దగ్గర పెట్టి చూస్తే తప్ప తెలియదు గానీ వెలిగింది. నేను పెరట్లో గంతులేశాను. చెప్పు ఒకటి బావిగట్టు మీదికి ఎగిరిపడింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగింది. లైటు వెలిగిందని చెబితే, మన ఇంట్లో కూడా వెలుగుతుంది గదా అని తిరిగి వెళ్ళిపోయింది.

కుడి లైటు, హారను, ముందు ఇండికేటర్లు అయ్యేసరికి తీగ చుట్ట అయిపోయింది. బండిలో ఇంకా సగం ఉంది, తొట్టి మొత్తం ఉంది. చేతిలో రాగి ముక్కలు, కత్తిరింపులు మిగిలాయి. నేను దిగాలుగా నేలమీద కూర్చుంటే నాన్న కర్ర ఊతంగా లేచి వచ్చి, వంగి, తీగల్ని చాలాసేపు చూశాడు.

“ఏటే ఇది? ప్రతిదానికీ రెండు రెండు తీగలేటి?”

“ఒకటి ఎల్లడానికి నాన్నా, ఒకటి రాడానికి. రెండోది ఎలుకలు తినేసినాయి.”

ఆయన నా మొహం చూశాడు. బండి చూశాడు. తరువాత అరుగు దాకా వెళ్ళి, కూర్చుని, అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, బండికి రెండో తీగ ఉండదని చెప్పాడు. కరెంటు ఒక తీగలో బల్బు దాకా వెళుతుంది, తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. బ్యాటరీ నల్ల తీగ ఇంజనుకి, ఇంజను నుంచి ఒక అల్లిక పట్టీ బండి ఒంటికి బిగించి ఉంటాయి. ఒళ్ళంతా రెండో తీగే అన్నాడు. పాతికేళ్ళు తోలినవాడు, నిజమే చెప్పాడు. నేను మర్నాడు స్కూల్లో ఎలుకల తెలివి గురించి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

సరే అని రెండో తీగలన్నీ పీకేశాను. అవే వెనక తొట్టికి సరిపోయాయి. ప్రతి బల్బు గిన్నెనీ బండి ఒంటికి గట్టిగా బిగించాను. టేపు చాలకపోతే కొబ్బరి తాడుతో కట్టాను. పీలికలు సరిచూసుకున్నాను. బ్యాటరీని పూండిలో ఛార్జి చేయించి తెచ్చి పెట్టాను. చుట్టుపక్కల వాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు, ఊళ్ళో ఆ వారం ఇంతకు మించిన కాలక్షేపం లేదు. నేను సీటెక్కి, పెద్ద తంతులాగా హెడ్‌లైట్ మీట నొక్కాను.

హెడ్‌లైట్ దీపం వత్తిలా మాత్రం వెలిగింది. వైపరు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటు రాలేదు గానీ ముందు చిన్న లైట్లు మినుకుమన్నాయి. ఎడమ ఇండికేటరు వేస్తే రెండు పక్కలా వెలిగి ఆరి, వాటితో పాటు మీటరు దీపం కూడా కన్నుకొట్టింది. హారను నొక్కితే గొంతు పట్టేసిన బాతులా ఒక మూలుగు వచ్చి, ఆ మూలుగుకి ఉన్న కాస్త హెడ్‌లైటూ ఆరిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు మర్యాదకి ఊరుకున్నారు. తరువాత ఒక ముసలమ్మ, బ్రేకు మళ్ళీ తొక్కమ్మా అంది. తొక్కాను. ముందు లైట్లు మినుకుమన్నాయి. అందరూ విరగబడి నవ్వారు. హారను, హారను అన్నారు. ఇంక నాకూ నవ్వు ఆగలేదు. ఒక మీట నొక్కితే ఇంకోటి పలకడం చూసి, ఇది మా ఇంటి బండే అని నాకు ఖాయమైంది, మా ఇంట్లో కూడా అమ్మని అడిగితే నాన్న, నాన్నని అడిగితే అమ్మ జవాబు చెబుతారు.

నవ్వు అయిపోయాక మాత్రం భయం వేసింది. కొత్త తీగ, నిండు బ్యాటరీ, మంచి బల్బులు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. పండుగ ఆ ఆదివారమే. ప్రతి ముడీ విప్పి మళ్ళీ కట్టాను. నాన్న చెప్పిన అల్లిక పట్టీ బిగుతుగా ఉందో లేదో రెండు చేతులా లాగి చూశాను. రాయిలా ఉంది. ఆయన కూడా ఏమీ తోచక, నేను వద్దన్నా కర్ర పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు. సోమవారం అన్న మాట మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బానెట్ ఎత్తాను. దానికి ఊత ఎప్పుడో విరిగిపోయింది, నేను వెదురు కర్ర ఆనించేదాన్ని. ఆ రోజు ఆ కర్ర అమ్మ మునక్కాయలు కొట్టడానికి పట్టుకుపోయింది. చేతికి అందిన పలుగు తెచ్చి, మొన ఇంజను మీద ఆనించి, తల బానెట్ లోపలి అంచుకి తగిలించి నిలబెట్టాను. బానెట్ బరువుకి పలుగు కాస్త జారి బరబర గీసుకుంది. మీట నేను ఆపడం మరిచిపోయాను కాబోలు. ఒక్కసారిగా రెండు హెడ్‌లైట్లూ భగ్గుమన్నాయి. ఎదురుగా ఉన్న కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ చెదిరిపోయాయి.

పలుగు తీశాను. లైట్లు నీరసించాయి. పెట్టాను. భగ్గుమన్నాయి. తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. నాకు పిచ్చి పట్టిందనుకుని అమ్మ మునక్కాయలు ఒళ్ళో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న వచ్చి చూసి, పలుగుని కూడా కానుకలతో కలిపి గుడికి పట్టుకుపోదాం అన్నాడు.

నేను పలుగు తల తగిలిన చోట వేలు పెట్టి చూశాను. అక్కడ నల్లటి పొర గీసుకుపోయి, కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది. గోటితో గీకాను. పొర గట్టిగా, నున్నగా, లక్కలా ఉంది. బానెట్ కింద, మడ్‌గార్డు మీద, అల్లిక పట్టీ బిగించిన చోట, తొట్టి అంచులకి, లైటు గిన్నెల వెనక, ఎక్కడ చూసినా అదే నలుపు. దగ్గరగా వాసన చూశాను. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఆ వాసన చెప్పక్కర్లేదు. జీడినూనె. జీడిపిక్కల తొక్క నుంచి తీసే నల్ల నూనె. మా వైపు పడవలకి, వాసాలకి, గుంజలకి పూస్తారు. ఉప్పుగాలికి చివకకుండా, చెదలు పట్టకుండా ఉంటాయి. ఆరిందంటే గాజు పొరే. అది నీటినే రానివ్వదు, కరెంటుని ఏం రానిస్తుంది? నేను ప్రతి బోల్టునీ బండి ఒంటికి బిగించానని మురిసిపోయాను గానీ, బిగించింది ఇనుముకి కాదు, ఆ పొరకి. తిరిగి రావడానికి దారి లేక కరెంటు దొరికిన ప్రతి సందులోంచీ దూరింది. పలుగు దానికి వంతెన వేసింది.

నేను తల తిప్పి నాన్నని చూశాను. ఆయన నన్ను చూడకుండా జీడిచెట్టుని చూస్తున్నాడు.

“ఇది ఎవులు పూసినారు నాన్నా?”

“నేనే. ఊరికే నిలబడుంది గదా అని. ఈ గాలికి ఇనుం బతకదు.”

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మోకాలు చెడిన మొదట్లో నేను స్కూలుకి వెళ్ళేటప్పుడు ఆయన పెరట్లో ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు, వచ్చేసరికి చేతులు నల్లగా ఉండేవి. చెట్ల మొదళ్ళకి ఏదో పూస్తున్నాడనుకున్నాను. పీట జరుపుకుంటూ, బండి చుట్టూ తిరుగుతూ, బోల్టుల సందులు కూడా వదలకుండా కొబ్బరి పీచుతో ఆ నూనె పూశాడన్నమాట. అడుగు భాగం కూడా పూశాడు. వంగలేని మోకాలితో కిందకెలా దూరాడో నాకు ఇప్పటికీ తెలియదు.

“అమ్మేసే బండి తుప్పు పడితే నీకేటి, పట్టకపోతే నీకేటి?” అని అడిగాను.

నాకు కోపం వచ్చింది, ఇంత ఇష్టం పెట్టుకుని ఇనుము కొట్టుకి పంపిస్తానంటాడా అని. కానీ సంతోషం ముందు ఆ కోపం నిలబడలేదు. దొరికింది! తప్పు దొరికింది, తీగల్లో లేదు, నాలో లేదు, మా నాన్న ప్రేమలో ఉంది. నేను పకపకా నవ్వుతుంటే ఆయన గిర్రున వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయాడు. అలిగాడనుకున్నాను. చేతిలో ఉప్పుకాగితం పట్టుకుని, ముక్కాలి పీట ఈడ్చుకుంటూ తిరిగొచ్చి, అల్లిక పట్టీ దగ్గర కూర్చుని తను పూసిన నూనె తనే గీకడం మొదలుపెట్టాడు.

శనివారం స్కూలుకి సెలవు పెట్టాను. ముందువైపు ఆయన, తొట్టివైపు నేను. ప్రతి బోల్టు కిందా ఇనుము తెల్లబడేదాకా గీకాలి, బిగించాలి, బిగించాక మీద గ్రీజు రాయాలి. ఆయన పని చూసి నేను నేర్చుకున్నాను, నా పని చూసి ఆయన వంకలు పెట్టాడు. జీడి పొడి ముట్టుకున్నవాళ్ళని ఊరికే వదలదు. మధ్యాహ్నానికి నా మణికట్లు దద్దురులెక్కాయి, కనురెప్పలు బూరెల్లా పొంగాయి. అమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వెంటపడింది.

“మొకం సూడు ఎలగయిపోనాదో. రేపు గుడిలో నిన్ను సూసి పిల్లలు జడుసుకుంటారే.”

నాకు అదేమీ పట్టలేదు. పొద్దు వాలకముందే ఆఖరి బోల్టు బిగించి, వాచిన కళ్ళలోంచి సందు చేసుకుని చూస్తూ మీటలు ఒక్కొక్కటే నొక్కాను. హెడ్‌లైటు అంటే హెడ్‌లైటే వెలిగింది. బ్రేకు తొక్కితే వెనకే, ఎర్రగానే వెలిగింది. ఎడమంటే ఎడమ, కుడంటే కుడి. సెల్ఫు నొక్కితే ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. చివరికి హారను నొక్కాను. బాతు పోయి, మా చిన్నప్పుడు నాన్న పలాస నుంచి వస్తున్నాడని మలుపులోనే తెలిసే ఆ పాత గొంతు వచ్చింది. నేను వేలు తీయలేదు. ఊరంతా వినబడేలా అలాగే నొక్కి పట్టుకున్నాను. చాలించమని నాన్న కర్రతో బానెట్ మీద కొట్టాడు గానీ ఆయన మొహం నిండా నవ్వే ఉంది.

ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆదివారం పొద్దున తొట్టి నిండింది. ధాన్యం బస్తాలు, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటి మధ్య సందుల్లో మనుషులు. తాళం నాన్న నా చేతిలో పెట్టాడు, ఈ రోజుకి అని నొక్కి మరీ చెప్పాడు. ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ పక్కన ఆయన ఎప్పుడూ కూర్చోలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆయన కుడి కాలు కూడా నేలకేసి తొక్కింది. గేరు మార్చబోతే ముందే గొణిగేవాడు. ఆవు కనబడితే ఆవు అనేవాడు. నాకు నవ్వొస్తోంది, చేతులు చెమటలు పడుతున్నాయి, తొట్టిలో ఆడవాళ్ళు అప్పటికే పాటలు అందుకున్నారు.

పూండి రైలు గేటు వేసి ఉంది. అలవాటుగా ఇంజను ఆపేశాను, ఆపాక గానీ తప్పు తెలియలేదు. మళ్ళీ అందుకోకపోతే అందరూ దిగి తోయాలి, నాన్న అది చూడాలి. గూడ్సు బండి పెట్టె వెనక పెట్టె పోతూనే ఉంది. గేటు లేచింది. సెల్ఫు నొక్కాను. ఇంజను ఒక్క ఉదుటున అందుకుంది. నాన్న ఊపిరి వదలడం నాకు ఇంజను చప్పుడులో కూడా వినబడింది. హైవే ఎక్కేటప్పుడు ఇండికేటరు వేశాను. ఆయన కిటికీలోంచి సగం బయటికి వంగి, వెలుగుతోందో లేదో చూసుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. ఆ తరువాత టెక్కలి దాకా ఆయన కుడి కాలు నేలకేసి తొక్కలేదు.

గుడి ఆవరణ అప్పటికే నిండిపోయింది. ఉన్న ఖాళీలో, గేటు పక్కన, బండి ఆపాను. కానుకలు దింపారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. నేను అమ్మ పక్కన సర్దుకుని, వాచిన మొహం కొంగుతో సగం కప్పుకున్నాను. ప్రార్థన అయింది. వేలంపాట మొదలవుతుందనగా సంఘ పెద్ద ఒకాయన మైకు అందుకున్నాడు. భోజనాల గిన్నెలు తెచ్చిన ట్రాక్టరు లోపలికి రావడానికి ఒక బండి అడ్డంగా ఉందట. ఆయనకి ఆ బండి తెలుసు, నాన్నా తెలుసు.

“ఉద్దానం డ్రైవరు గారూ, ఓ పాలి బయటికొచ్చి మీ జీపు పక్కకి తీయండి.”

నాన్న అలవాటుగా లేచాడు. కర్ర పట్టుకుని నిలబడి, చొక్కా జేబు తడుముకున్నాడు. జేబులో తాళం లేదు. నేను చూస్తున్నాను. చాపల మీద అంతమంది మధ్య ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వచ్చి నన్ను తాళం అడుగుతాడనుకున్నాను. పక్కవాళ్ళలో ఎవరినైనా తీయమంటాడనుకున్నాను. ఆయన మైకు దగ్గరున్న పెద్దాయన వైపు తిరిగాడు. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

“నిన్నటి దాకా నేను బాబూ. ఇప్పుడు డ్రైవరు మా పాప. అదిగో, ఆడోళ్ళ కాడ కూకుంది. బండి సంగతి ఇంక దాన్నే అడగాల.”

తలలన్నీ ఇటు తిరిగాయి. ఈ రోజుకి అంటాడేమోనని నేను కాచుకుని ఉన్నాను. అనలేదు. నెమ్మదిగా కర్ర పక్కన పెట్టి, మోకాలు చాపుకుని కూర్చున్నాడు.

కొంగు మొహం మీంచి తీసేసి లేచాను. చెప్పులు దొరకలేదు, వెతకలేదు, వట్టికాళ్ళతోనే గేటు దాకా నడిచాను. సీటెక్కి, ఎవరూ చూడకుండా స్టీరింగు మీద తలానించి కాసేపు నవ్వుకున్నాను, కళ్ళు మండుతున్నా నవ్వుకున్నాను. ట్రాక్టరు వాడు కేక వేశాడు. బండి వెనక్కి తీసి, గోడ పక్కన ఆపి, తాళం తీసి నా సంచిలో వేసుకున్నాను.